జీడివాగు మెంబరు

పదవి పోయిన తర్వాత కూడా ఊళ్లో ఏ ఇంటి ముందైనా ఆగి, మంచినీళ్లు అడిగి తాగగలిగిన రాజకీయ నాయకురాలిని నేను ఒక్కరినే చూశాను. ఆమె మా రాహేలు. మండల పరిషత్తులో మా ఊరి తరఫున ఎంపీటీసీ. మా దగ్గర అందరూ మెంబరు అంటారు. రాజకీయమనే నిచ్చెనకి అది నేలకి ఆనుకున్న మెట్టు. దాని మీద కాలు పెట్టేవాళ్లలో చాలామంది చూపు పైమెట్టు మీదే ఉంటుంది. రాహేలు మాత్రం పదేళ్లు ఆ మెట్టు మీదే నిలబడి, ఒకే ఒక్క పని చేసి, దిగి ఇంటికి వచ్చింది. నాయకుల గురించి మంచిమాట రాయడం నాకు అలవాటు లేదు. అందుకని ఇది కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను.

మా ఊరు వాగొడ్డుపల్లె. ఒక పక్క కమాన్‌పూర్ వైపు పొలాలు, ఇంకో పక్క గోదావరిఖని వైపు బొగ్గుబాయిలు. ఊరికీ, బాయికి పోయే రోడ్డుకీ నడుమ జీడివాగు. ఎండాకాలంలో దాన్ని వాగు అంటే నవ్వొస్తుంది, మేకపిల్ల కూడా దుమికి దాటుతుంది. వానాకాలంలో రెండు గంటలు గట్టి వాన పడితే చాలు, అది ఊరిని కోసి అవతల పారేస్తుంది. మొదటి షిఫ్టుకు పోవలసిన వాళ్లు ఇటు ఒడ్డున నిలబడి, ఆ పూట హాజరు పడక మస్టర్ పోయిందని తిట్టుకుంటారు. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు అటు ఒడ్డున బొగ్గు మసితో కూర్చుని, నీళ్లు తగ్గేదాకా బీడీలు కాలుస్తారు.

మస్టర్ పోవడం ఒక్కటే అయితే రాహేలు రాజకీయాల్లోకి వచ్చేది కాదు. ఆమెను అక్కడికి తెచ్చింది సైరన్.

బొగ్గుబాయి ఊళ్లలో పెరగని వాళ్లకు ఈ సంగతి చెప్పాలి. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను మా దగ్గర ఎవరూ పట్టించుకోరు. అది గోడ గడియారం లాంటిది. కానీ వేళ కాని వేళ సైరన్ మోగిందంటే బాయిలో ఏదో జరిగిందని అర్థం. అప్పుడు ఆడవాళ్లు ఒకరినొకరు అడగరు. పొయ్యి మీది కూర పొయ్యి మీదే ఉంటుంది. కొంగు నడుముకు చెక్కి బాయి వైపు ఉరుకుతారు. అక్కడికి పోయి తన మనిషిని కళ్లారా చూస్తే తప్ప ఎవరి ప్రాణమూ కుదుటపడదు.

రాహేలు పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక వానాకాలం మధ్యాహ్నం అలాగే సైరన్ మోగింది. ఆమె భర్త యోనా కోల్‌ఫిల్లర్. భూమి లోపల తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. ఆ రోజు అతను మొదటి షిఫ్టులో ఉన్నాడు. కూతురు కెరోలిన్‌ను చంకన వేసుకుని, కొడుకు టోనీ చెయ్యి పట్టుకుని రాహేలు ఉరికింది. ఊరి ఆడవాళ్లంతా ఉరికారు. జీడివాగు దగ్గర అందరూ ఆగిపోయారు. వాగు నిండుగా పారుతోంది. సాయంత్రందాకా వాళ్లు ఆ ఒడ్డు మీదే వానలో నిలబడ్డారు. అవతల రోడ్డు మీద పోయేవాళ్లను కేకలేసి అడగడం, వాళ్లు తెలియదన్నట్టు చేతులూపడం. చివరికి ఎవరో వచ్చి అరిచి చెప్పారు. బాయిలోకి నీళ్లు ఊరుతున్నాయని ముందు జాగ్రత్తగా మనుషుల్ని పైకి పిలిచారట. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఆ దినం ముందుగాల ప్రభువును తిట్టిన, ఎనుక సర్కారును తిట్టిన," అని రాహేలు తర్వాత చాలాసార్లు చెప్పేది. "ఆదివారం చర్చిల ప్రభువును మాఫీ అడిగిన. సర్కారును అడగలె."

ఆ తర్వాత ఆమెకు ఒకే కోరిక మిగిలింది. జీడివాగు మీద కల్వర్టు.

2001లో మా ఎంపీటీసీ సీటు ఆడవాళ్లకు వచ్చింది. ఇలాంటప్పుడు మా దగ్గర జరిగేదేమిటో అందరికీ తెలుసు. నిలబడేది భార్య, గెలిచేది భర్త. ఊరి పెద్దలు ఆ లెక్కలోనే యోనా దగ్గరికి వచ్చారు. చదువు వచ్చిన ఆడమనిషి, నలుగురితో మాట్లాడుతుంది, పేరుకు ఆమె ఉంటే సరిపోతుందని వాళ్ల ఆలోచన.

"ఆమెను నిలబెట్టు యోనా, కతంతా నువ్వు నడిపియ్యచ్చు," అన్నారు.

యోనా అప్పుడే నైట్ షిఫ్టు దిగి వచ్చి తల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. "నేను నడిపేది సైకిలొక్కటే," అన్నాడు. "ఆమె నిలబడితే ఆమెనే నడుపుకోవాలె. నాకు నిద్ర కావాలె."

రాహేలు లోపలి నుంచే అంది, "నిలబడుత. కని నేను గెలిస్తే నేనే మాట్లాడుత. గట్లయితెనే చెప్పున్రి."

పెద్దలు నవ్వి సరే అన్నారు. గెలిచాక చూసుకోవచ్చు అనుకున్నారు కాబోలు.

ఆ ఎన్నిక ఆమె గెలిచిన తీరు కూడా బొగ్గుబాయి తీరే. అవతలి పార్టీ గోదావరిఖని నుంచి ఆటోను తెప్పించి, రెండు మైకులు కట్టి, పొద్దున తొమ్మిదింటికి పాటలు మొదలుపెట్టేది. నైట్ షిఫ్టు వాళ్లు కళ్లు మూసేది సరిగ్గా ఆ వేళకే. లుంగీలు ఎగ్గట్టుకుని బయటికొచ్చి వాళ్లు ఆ ఆటోను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. రాహేలుకు ఏ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో తెలుసు. నైట్ షిఫ్టు ఇళ్లకు సాయంత్రం, రెండో షిఫ్టు ఇళ్లకు పొద్దున పోయేది. నిద్రపోయే మనిషి ఉన్న ఇంటి తలుపు ఒక్కటి కూడా తట్టలేదు. పార్టీ ఏదైనా సరే, మా ఊరి మగాళ్లు నిద్రకు ఓటేశారు.

మొదటి ఐదేళ్లలో ఆమె సాధించింది ఏమీ లేదు. మండల సమావేశం జరిగినప్పుడల్లా యోనా సైకిల్ మీద తీసుకుపోయేవాడు. ఆఫీసులో గుమస్తా ఆమెకు వెనక వరుసలో, యోనాకు ముందు వరుసలో కుర్చీ వేసేవాడు. యోనా కూర్చోగానే నిద్రపోయేవాడు. ఒకసారి అధికారి కల్వర్టు సంగతి ఎత్తి, "మీరేమంటారు యోనా గారూ?" అని అడిగాడు. పక్కవాళ్లు లేపితే యోనా కళ్లు నులుముకుని చుట్టూ చూశాడు.

"నన్నడుగుతరేంది సారు? గెలిచింది ఆమె. నేను సైకిల్ తొక్కేటోన్ని," అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆ మరుసటి సమావేశం నుంచి రాహేలు ముందు వరుసలో కూర్చుంది. ముందు కూర్చున్నా జవాబు మాత్రం మారలేదు. చూద్దాం అమ్మా, అనేవారు. మండలం తీర్మానం చేసి పంపితే తప్ప జిల్లా పరిషత్తు డబ్బు ఇవ్వదు. మండలంలో ప్రతి మెంబరుకూ తన ఊరి రోడ్డో, తన బామ్మర్ది కాంట్రాక్టో ఉంది. ఒక్క ఆడమనిషి అడిగే ఒక్క కల్వర్టుకు ఎవరి చెయ్యీ లేవలేదు. నాలాంటివాడు అయితే రెండో సమావేశానికే కుర్చీ తన్ని బయటికి వచ్చేవాడు. ఆమె ప్రతిసారీ అదే మాట, అదే గొంతుతో అడిగి, టీ తాగి, ఇంటికి వచ్చేది.

2006లో మళ్లీ గెలిచింది. ఈసారి సంగతి వేరే. మండలంలో పదమూడు మంది మెంబర్లు. రాహేలు పార్టీకి ఏడుగురు, అవతలి పార్టీకి ఆరుగురు. మెంబర్లు చేతులెత్తి మండలాధ్యక్షుడిని ఎన్నుకోవాలి. ఒక్క చెయ్యి అటు లేస్తే ఇటు కూలిపోతుంది. రాహేలు పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడింది గోపాలరావు. కృష్ణా జిల్లా నుంచి వాళ్ల నాన్న కాలంలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కాంట్రాక్టరు. ఆయన స్వయంగా రాహేలు ఇంటికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అమ్మా రాహేలు, నేను అధ్యక్షుణ్ణయితే మొదటి తీర్మానం మీ కల్వర్టే. ఏసు ప్రభువు సాక్షి అనుకో," అన్నాడు.

"ప్రభువును ఎందుకు తీస్కస్తరు సారు, మీ మాట చాలు," అంది రాహేలు. "నా చెయ్యి మీకే."

ఆ సాయంత్రమే గోపాలరావు తప్ప మిగిలిన ఆరుగురినీ క్యాంపుకు తీసుకుపోయారు. క్యాంపు అంటే మన ప్రజాస్వామ్యంలో ఒక ముచ్చటైన ఆచారం. గెలిచినవాళ్లను అవతలివాళ్లు ఎత్తుకుపోకుండా, మనవాళ్లే ముందుగా ఎత్తుకుపోయి దాచడం. హైదరాబాద్ దాటాక ఒక తోటలో దాచారు. ఈత కొట్టే కొలను, రంగు గొడుగులు, పూటపూటకీ బిర్యానీ. చూసుకోవడానికి గోపాలరావు మనిషి సదయ్యను పెట్టారు. వచ్చిన రోజే సదయ్య అందరి సెల్‌ఫోన్లు ఒక సంచిలో వేసి తాళం పెట్టాడు. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి కూడా వీల్లేదు.

ఉన్న ఒక్క మగ మెంబరు డ్రైవర్లతో పేకాటలో పడ్డాడు. ఆడవాళ్లు ఐదుగురు. ఇద్దరు వ్యవసాయం ఊళ్ల వాళ్లు, ముగ్గురు బాయి ఊళ్ల వాళ్లు. ఆ ముగ్గురిలో రాహేలు ఒకరు, ఆమె కంటే పదేళ్లు పెద్దదైన కనకవ్వ ఇంకొకరు. కనకవ్వ భర్త బాయి నుంచి రిటైరై చాలా కాలమైంది. రెండు రోజులు టీవీ చూసి విసుగెత్తి రాహేలు వంటవాళ్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి పొట్టు తీయడం మొదలుపెట్టింది.

"మెంబరువు నువ్వు, గిదేం పనే?" అంది కనకవ్వ.

"ఉత్తగ కూసుంటే ఒళ్లు నొస్తుందవ్వా. ఇంకో దినం ఈడ ఉంటే నాకు నడుసుడు మర్సిపోతది."

ఓటింగుకు ముందు రోజు, ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఆడవాళ్లంతా వరండాలో ఉన్నారు. ఎక్కడో దగ్గర్లో సైరన్ మోగింది.

బాయి ఊళ్ల ముగ్గురూ ఒకేసారి లేచారు. ఒకరినొకరు చూసుకోలేదు, మాట్లాడుకోలేదు. కొంగులు నడుముకు చెక్కి ఒకే ఉరుకు. వ్యవసాయం ఊళ్ల ఇద్దరూ నోళ్లు తెరిచి చూస్తూ కూర్చున్నారు. కొలను పక్క నుంచి, పేకాట ఆడేవాళ్ల మధ్య నుంచి, ముక్కలు చెదిరిపోయేలా ముగ్గురు ఆడవాళ్లు గేటు దాకా పరుగెత్తారు. కాపలావాడు మంటలేమో అనుకుని బకెట్ వెతుక్కోవడానికి పోయాడు.

గేటు దగ్గర కనకవ్వ ముందుగా ఆగింది. రోడ్డుకు అవతల ఏదో ఫ్యాక్టరీ, గొట్టంలోంచి పొగ, గేటులోంచి టిఫిన్ డబ్బాలతో బయటికొస్తున్న మనుషులు.

"ఓ పిచ్చిదాన్నే నేను," అని కనకవ్వ అక్కడే మట్టిలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "మా ముసలోడు ఇంట్ల సుట్ట తాగుకుంట పండి ఉంటడు. నేను ఎవనికోసం ఉరికినట్టు?"

రెండో ఆమె కూడా నవ్వింది. రాహేలు నవ్వలేకపోయింది. ఇది పట్నమని, అది వేరే ఫ్యాక్టరీ అని ఆమెకూ అర్థమైంది. కానీ అన్ని రోజుల నుంచి యోనా మాట వినలేదు. ఆ వారం అతనిది మొదటి షిఫ్టు. అంటే ఆ క్షణాన భూమి లోపల ఉంటాడు. ఉరికిన కాళ్లకు బాయి గేటు దొరకలేదు, చూడవలసిన మనిషి కనిపించలేదు. పోయి సదయ్యను అడిగింది.

"తమ్మీ, ఒక్కపారి ఫోనియ్యి. ఆయన మంచిగున్నడా లేదా, గదొక్కటి అడుగుత."

"అక్కా, రేపు ఒక్క దినం ఓర్సుకో. నువ్వు ఫోన్ పట్టుకున్నవని తెలిస్తే గోపాలరావు సారు నా తోలు తీస్తడు."

"నీ ముంగటనే మాట్లాడుత."

"అందరు గట్లనే అంటరక్కా."

రాహేలు గదిలోకి పోయి రెండు చీరెలు, బైబిలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. కనకవ్వ చూసి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"పోతె కల్వర్టు గూడ పోతదే రాహేలు. అమ్ముడుపోయినవంటరు. ఆలోచించుకో."

"కల్వర్టు ఎవలకోసం అవ్వా? దాని మీద నడిచేటోడు ఉండాలె గదా ముందుగాల."

కనకవ్వ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత వరండాలోకి పోయి, కడుపులో నొప్పి అని కింద పడి గట్టిగా మూలగడం మొదలుపెట్టింది. సదయ్య, కాపలావాడు ఇద్దరూ అటు పరుగెత్తారు. గేటు దగ్గర ఎవరూ లేరు.

జూబ్లీ బస్టాండులో కాయిన్ బాక్సు నుంచి ఊరి ఫోను కలవక, అక్కడే గోదావరిఖని బస్సెక్కి, దారి పొడుగునా వానలో ప్రయాణం చేసి, పొద్దు ఇంకా ఉండగానే ఆటోలో జీడివాగు ఒడ్డుకు చేరింది రాహేలు. అక్కడ ఆగిపోయింది. వాగు నిండుగా పారుతోంది.

ఆ సమయానికి మేం కొందరం ఊరి వైపు ఒడ్డున వాగు చూస్తూ నిలబడి ఉన్నాం. అవతల ఒక ఆడమనిషి కవరు తల మీద పెట్టుకుని చేతులూపుతోంది. మెంబరు అని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ఆమె పట్నంలో బిర్యానీ తింటోందని కదా మా అందరి లెక్క. నీళ్ల హోరులో మాట వినిపించడం లేదు. మాలో చర్చిలో పాటలెత్తే రాజం ఉన్నాడు. అతని గొంతు పక్క ఊరికి కూడా వినిపిస్తుందంటారు. అందుకని అతన్ని ముందుకు తోశాం.

"టోనీ నాయిన ఏడి?" అని అటు నుంచి కేక.

"ఇంట్ల పండిండు మెంబరమ్మా," అని రాజం.

"డ్యూటీ నుంచి మంచిగనే అచ్చిండా?"

"డ్యూటీకి పోతే గదా వచ్చుడు. వాగు పొద్దుగాల్నే నిండింది."

ఈలోగా ఎవరో పోయి యోనాను లేపుకొచ్చారు. గోనెసంచి తలమీద ముసుగులా వేసుకుని వచ్చి, ఒడ్డు అంచున నిలబడి కళ్లు చికిలించి చూశాడు.

"ఏందే, నువ్వు పట్నంల లేవా?"

"సైరన్ మోగింది."

"మోగలేదే. ఏడ మోగింది?"

"పట్నంల."

మా ఒడ్డున ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరం నవ్వాం. యోనా మాత్రం నవ్వలేదు. "పట్నంల సైరన్ మోగితే ఈడ నాకేమైతదే?" అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి. అతను తగ్గించిన మాటను రాజం పెంచి అవతలికి పంపాడు.

"నాకేం ఎరుక? కాళ్లు ఉరికినయ్."

తర్వాత యోనా అడిగాడు, "తిన్నవా?"

"ఆ బిర్యానీ మొకం కొట్టింది. నువ్వేం వండినవ్?"

"పప్పుచారు."

"జెర ఉంచు."

ఇంతలో రోడ్డు మీద రెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి బురదలో ఆగాయి. మొదటి దానిలోంచి గోపాలరావు దిగాడు. సదయ్య ఫోన్ చేసి మెంబరు మాయమైందని చెప్పాడట. రెండో దానిలోంచి అవతలి పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ కొమురెల్లి దిగాడు. మెంబరు మాయమైన సంగతి అతనికీ అందింది. రాజకీయాల్లో రహస్యాలకు కాళ్లెక్కువ. అటు ఒడ్డున వాళ్లు మామూలు గొంతుతో అనుకున్నవి తర్వాత రాహేలు చెబితే తెలిసినవే.

"ఏంటమ్మా రాహేలూ ఇది? నా గుండె ఆగినంత పనైంది," అన్నాడు గోపాలరావు. చెప్పులు బురదలో ఇరుక్కుని ఒక కాలు మాత్రమే బయటికి వచ్చింది.

"అక్కా, నేనే నిన్ను ఎత్తుకపోయిన్నని మండలమంతా చెప్పుకుంటున్నరు," అన్నాడు కొమురెల్లి. "ఎత్తుకపోయినోనికి తెల్వకుండ గూడ ఎత్తుకపోవచ్చా అని నేనే పరేషాన్ల ఉన్న."

రాహేలు ఇద్దరినీ చూసింది. ఇద్దరూ నిలువునా తడుస్తున్నారు. "ఇద్దరు అచ్చిన్రు, మంచిదైంది," అంది. "ఈ వానల నిలవడి ఏం మాట్లాడుతం, మా ఇంటికి పోదాం రాండ్రి. ఛాయ్ తాగుకుంట మాట్లాడుకుందాం."

ఇద్దరూ వాగు వైపు చూశారు.

"ఎట్ల పోదుమక్కా?" అన్నాడు కొమురెల్లి.

"నేను గదే గదన్నా అడుగుతున్న, ఐదేండ్ల సంది."

కొమురెల్లి తెలివైనవాడు. నవ్వి, తలమీది నీళ్లు తుడుచుకుని, రాజకీయం మొదలుపెట్టాడు. "సరే అక్కా, రేపు చెయ్యి నాకెత్తు. కల్వర్టేంది, పెద్ద బ్రిడ్జే ఏపిస్త."

ఒడ్డు దగ్గరికి జరిగి రాహేలు అరిచింది, "రాజం, ఇనవడ్డదా? కొమురెల్లన్న బ్రిడ్జి ఏపిస్తడట."

రాజం వెనక్కి తిరిగి ఊరికి చెప్పాడు. అప్పటికే సగం ఊరు ఒడ్డుకు చేరింది. ఈలలు, చప్పట్లు.

గోపాలరావు కంగారుపడ్డాడు. "అమ్మా, ముందు మాటిచ్చింది నేను. అందరి ముందూ మళ్లీ చెబుతున్నా. మొదటి తీర్మానం ఇదే."

రాహేలు అదీ అరిచి చెప్పింది. మళ్లీ చప్పట్లు, కొంచెం తక్కువ. బ్రిడ్జి విన్న చెవులకు కల్వర్టు ఆనలేదు.

ఇప్పుడు బేరం పెరుగుతుంది, ఈమె కూడా అమ్ముడుపోతుంది అనుకున్నాను. రాహేలు కొమురెల్లి వైపు తిరిగింది. ఆమె అరిచి అన్న మాట, రాజం ద్వారా, మా ఒడ్డున అందరం విన్నాం.

"అన్నా, చెయ్యి సారుకిస్తనని చెప్పిన. చెప్పినంక మల్ల తిప్పుడు నాతోని కాదు. రేపు నువ్వు ఓడిపోతవ్. కని ఓడినంక గూడ నువ్వు మెంబరువే గదా. నీ ఎంబడి ఆరు చేతులుంటయ్. నాకు నీ బ్రిడ్జి ఒద్దు. సారు కల్వర్టు తీర్మానం పెట్టిన దినం నీ చెయ్యి లేస్తదా, లేవదా? గీ ఒడ్డు మీదనే చెప్పు. ఊరంత ఇంటున్నది."

కొమురెల్లి అవతల నిలబడ్డ ఊరిని చూశాడు. అతని ఇద్దరు చెల్లెళ్లను మా ఊరికే ఇచ్చారు. వాళ్లిద్దరూ ముందు వరుసలోనే ఉన్నారు.

"లేపు బావా, ఏం పోతది?" అని మాలో ఎవరో అరిచారు.

"లేపుత తియ్యి," అన్నాడు కొమురెల్లి. "ఓడగొడుతనని మొకమ్మీద చెప్పి మద్దతు అడిగినోళ్లను నిన్నొక్కదాన్నే చూసిన అక్కా."

"మొకమ్మీద చెప్తేనే గదా అన్నా నమ్మేది."

ఆ రాత్రి వాగు తగ్గలేదు. రాహేలు రోడ్డు పక్క సమ్మవ్వ ఛాయ్ హోటల్లో పడుకుంది. పొద్దున గోపాలరావు బండిలో మండలాఫీసుకు పోయి, మిగిలిన ఆరుగురితో పాటు చెయ్యెత్తింది. క్యాంపు నుంచి అప్పుడే దిగిన కనకవ్వ ఆమె పక్కనే కూర్చుని, కడుపునొప్పి మందులని సదయ్య పట్నంలో తనతో ఎన్ని గోలీలు మింగించాడో చెబుతూ చెయ్యెత్తింది. గోపాలరావు గెలిచాడు.

తర్వాతి సమావేశంలో కల్వర్టు తీర్మానం వచ్చింది. కొత్త అధ్యక్షుడు ఏది పెట్టినా అడ్డుపడాలని అవతలి పార్టీ వాళ్లు అనుకుని వచ్చారట. మిగిలినవన్నీ అలాగే కొట్లాటల్లో పోయాయి. జీడివాగు పేరు రాగానే మొదట లేచిన చెయ్యి కొమురెల్లిది. అతని వెనక అతని ఐదుగురివీ లేచాయి. మా మండలంలో పదమూడు చేతులూ ఒకేసారి లేచిన తీర్మానం అంతకుముందు లేదు, ఆ తర్వాతా నేను వినలేదు.

తీర్మానమైతే కల్వర్టు అయిపోయినట్టు కాదు. జిల్లాలో అది ఒక వానాకాలం, టెండర్ల దగ్గర ఇంకో వానాకాలం పడుకుంది. రాహేలు ప్రతి సమావేశానికీ పోయి పాత గొంతుతోనే అడిగింది. ఈసారి తేడా ఏమిటంటే, ఆమె లేవగానే కొమురెల్లి కూడా లేచేవాడు. చెల్లెళ్ల పోరు పడలేక లేస్తున్నా అని నవ్వేవాడు. చివరికి పని మొదలై ఒక ఎండాకాలంలో పూర్తయింది. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ల తేదీలు కుదరలేదు. రిబ్బను కట్టి వారం రోజులు ఉంచారు. ఒక పొద్దున బర్రెలు దాన్ని తెంపుకుని అవతలికి పోయాయి. వాటి వెనక మొదటి షిఫ్టు వాళ్లు పోయారు.

ఆ ఏటి వానాకాలం మా ఊరి మగాళ్లు పొడి బట్టలతో డ్యూటీకి పోయారు. అందరికంటే ఎక్కువ గొణిగింది యోనానే.

"నీ కల్వర్టు పాడుగాను," అనేవాడు, వాన చూస్తూ లంచ్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. "వాన పడ్డ దినమన్న ఇంట్ల పంటుంటి. ఇప్పుడు నాగా పెట్టనీకి ఒక్క బహానా లేకపాయె."

"పో, పో. మస్టర్ పోతది," అనేది రాహేలు.

2011లో ఆమె పదవీకాలం అయిపోయింది. ఆ ఏడే సకలజనుల సమ్మె. బాయిలు ఆగిపోయి, యోనా నెల పైన ఇంట్లోనే ఉన్నాడు. పూటకొకసారి కల్వర్టు గోడ మీద కూర్చుని రాష్ట్రం ఎప్పుడొస్తుందో రాజంతో వాదించేవాడు. ఎన్నికలు మళ్లీ 2014 దాకా జరగలేదు. అప్పటికి మా సీటు రిజర్వేషన్ మారిపోయింది. రాహేలు అందులో నిలబడటానికి లేదు. గోపాలరావు అప్పటికి వేరే పార్టీలో చేరాడు. అయినా మర్యాద ఉన్న మనిషి. వచ్చి, గోదావరి అవతల, నస్పూర్ వైపు ఒక సీటు ఖాళీగా ఉంది, కావాలంటే అక్కడ ఇల్లు చూపిస్తామని, గెలిపించే పూచీ తనదని చెప్పాడు.

"ఆడ నాకు ఏ వాగున్నది సారు?" అంది రాహేలు. ఆయన చాలాసేపు నవ్వి, ఛాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన కారు కల్వర్టు మీదుగానే వచ్చింది, కల్వర్టు మీదుగానే పోయింది.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో ఊళ్లో పిల్లలు టపాకాయలు కాల్చి, రంగులు చల్లుకుని, ఉత్సాహంలో ఇంకో పని కూడా తలపెట్టారు. కల్వర్టుకు రాహేలు పేరు పెట్టి ఒక రాయి పాతుదామన్నారు. నేనూ వాళ్లతో పోయాను. ఇంత పని చేసిన మనిషిని ఈ ఊరు మరిచిపోయిందని నాకు కోపం. ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి అక్కడ ఒకప్పుడు వాగు దాటలేకపోయేవాళ్లమన్న సంగతే గుర్తుకు రాదు. పగలంతా ఆ గోడ మీద కూర్చుని సెల్‌ఫోన్లు చూసుకుంటారు.

రాహేలు వాకిట్లో బియ్యం ఏరుతోంది. యోనా రిటైరయ్యాడు. మంచంలో పడుకుని పేపరు మొహం మీద కప్పుకున్నాడు. మా మాట చివరిదాకా విని ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు బిడ్డా. రాయి పెడితే రేపు పెచ్చులూడినప్పుడల్లా నా పేరు పెట్టి తిడుతరు. ఇప్పుడైతే సర్కారునే తిడుతున్నరు, మంచిగనే ఉన్నది."

పేపరు కింద నుంచి యోనా అన్నాడు, "నా పేరు పెట్టున్రి. నేను సైకిల్ తొక్కిన."

"ఆయన మాటలకేంది గని," అంది రాహేలు, చేట పక్కన పెట్టి లేస్తూ. "ఎండల పడి అచ్చిన్రు. కూసోండ్రి, ఛాయ్ పెడుత."